పొట్టేలు పొట్టమీద వేలిగుర్తు

ప్రతిరోజూ మ్యూజియం తలుపులు తీయడానికి గంట ముందే ఆమె వచ్చి, హాల్లో మోకాళ్ళ మీద కూర్చునేది. దూరం నుంచి చూసినవాళ్ళు ప్రార్థన చేసుకుంటోందనుకునేవారు. నేను కూడా కొత్తలో అలాగే అనుకుని, అడుగుల చప్పుడు కాకుండా టికెట్ల గదిలోకి వెళ్ళి కూర్చునేవాణ్ణి. పదిరోజుల తర్వాత తెలిసింది, ఆమె చూస్తున్నది అద్దాల మీద పిల్లల ముక్కుగుర్తులని.

గాజు పెట్టెకు ముఖం ఆనించి చూసిన పిల్ల వెళ్ళిపోయాక అద్దం మీద ఒక ముక్కు, దాని చుట్టూ ఊపిరి మసక, అటూ ఇటూ రెండు చిన్న అరచేతులు మిగులుతాయి. హాళ్ళు ఊడ్చే మనిషి అద్దాల పైసగం తుడిచేవాడు. కిందసగాన్ని ఆమె ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. ముందు తల పక్కకి వంచి, కిటికీ వెలుగులో గుర్తులన్నీ చూసుకునేది. ఆ తర్వాతే తడిబట్ట పెట్టేది.

“నిన్న చేప ఎముకల దగ్గర నలుగురు ఆగారు తమ్ముడూ. నాణేల దగ్గర ఒక్కళ్ళూ ఆగలేదు. పాపం, నాణేలు!” అనేది నాతో.

“పైసగం కూడా చూడొచ్చు కదక్కా?”

“పెద్దవాళ్ళు అద్దానికి ముక్కు ఆనించరయ్యా. పరువు అడ్డొస్తుంది.”

నేనక్కడ టికెట్లు చింపే గుమాస్తాను. ఆమె హాలు కాపలా మనిషి. జీతం కాగితాల్లో ఆమెకు వేరే పేరుంది గానీ, మాకందరికీ చాపక్క. ఆ పేరు ఎలా వచ్చిందో చెబితే ఆమె చేసిన పని సగం చెప్పినట్టే.

నేను చెప్పబోయే సంగతికి పన్నెండేళ్ళ ముందు, అప్పటి ఆఫీసరుగారికి నెలకో ఆదివారం కుటుంబాలను పిలవాలని బుద్ధి పుట్టింది. మంచి బుద్ధే. వంద కుర్చీలు వేయించారు, మైకు పెట్టించారు. ఒక పెద్దాయన పాత కుండల గురించి గంటంబావు మాట్లాడాడు. తండ్రులు ఫోన్లు చూసుకున్నారు, తల్లులు పిల్లల నోళ్ళు మూశారు, ఒక పసివాడు కుర్చీ కింద పడుకుని హాయిగా నిద్రపోయాడు. మరుసటి నెల మూడు కుటుంబాలొచ్చాయి. “మనవాళ్ళకి ఇలాంటివి ఎక్కవు” అని ఆఫీసరుగారు నిట్టూర్చారు. అప్పటిదాకా ఆయన ముందు నోరు విప్పని ఈ కాపలా మనిషి, గుమ్మం దగ్గర నిలబడి అంది: “అయ్యా, ఒక్క ఆదివారం నాకివ్వండి. కుర్చీలు తీయించేస్తాను.”

కుర్చీలు పోయాయి, చాపలొచ్చాయి. కూర్చునేందుకు గోడవారగా ఒక్క బల్ల కూడా ఉంచలేదు.

“కుర్చీ ఉంటే నాన్న కూర్చుంటాడు. కూర్చుంటే ఫోను తీస్తాడు,” అని నాకు చెప్పింది. “చాపైతే ఎటూ తోచక కాసేపు నిలబడతాడు. కాళ్ళు పీకి, చచ్చినట్టు కూలబడతాడు. కిందికొచ్చాక చేతులు ఊరుకోవులే.”

ఇంటికి ఒకటే కత్తెర ఇచ్చేది. మనిషికొకటి కొనడానికి ఆఫీసు ఒప్పుకున్నా ఆమె వద్దంది. రెండిస్తే ఎవరి పని వాళ్ళు చేసుకుంటారట. ఒకటే ఉంటే అడుక్కోవాలి, అడుక్కోవాలంటే మాట్లాడుకోవాలి. తలుపు దగ్గరే ఏదో ఒకటి చేతిలో పెట్టేది, మట్టి ముద్దో, దారపు ఉండో. ఖాళీ చేతులతో లోపలికొచ్చిన పిల్ల పరిగెత్తుతుందని ఆమె లెక్క. మరుగుదొడ్డి ఎటో బొమ్మ గీసి పిల్లల కంటి ఎత్తులో అంటించింది. నెలంతా చూసిన ముక్కుగుర్తుల్లో ఏ పెట్టె దగ్గర ఎక్కువుంటే ఆ నెల పని దాని మీదే. ఒకసారి ఒక తండ్రి కొడుకుని, “ఏం నేర్చుకున్నావ్? చెప్పు, చెప్పు” అని నిలదీస్తుంటే ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది.

“బాబూ, పిందెని కోసి పండిందా అని చూడకండి. చేసుకోనీయండి.”

ఏడాది తిరిగేసరికి ఆదివారం ఉదయం గేటు బయట వరస ఉండేది. దేవుడు కొందరికి నోరిస్తాడు, కొందరికి చేతులిస్తాడు. ఆమెకు మోకాళ్ళిచ్చాడనిపించేది నాకు.

ఇంట్లో ఆమె, అత్తగారు, ఇద్దరే. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. రెండు గదులు, ఒక కిటికీ, ఆ కిటికీ పక్కన అత్తగారి మంచం. ఆవిడ నోరు మంచిది కాదని వీధిలో పేరు.

“ఆదివారం కూడా రాళ్ళ దగ్గరికేనా? ఆ రాళ్ళేమైనా నిన్ను కని పెంచాయా?”

“మీరు కని పెంచారా అత్తయ్యా?”

“పెంచబట్టే గదే ఈ నోరు!”

చాపల అంచులు ఎప్పటికప్పుడు పీచులేచి పిల్లల కాళ్ళకు గుచ్చుకునేవి. ఏ రాత్రి కట్టిపెట్టి ఇంటికి తీసుకెళ్ళినా, పొద్దునకి వాటి అంచులకు పాతగుడ్డ పట్టీలు కుట్టి ఉండేవి. ఎవరు కుట్టారని అడిగితే అత్తగారు గోడకేసి తిరిగి పడుకునేది. చూపు ఆనని మనిషి ఆ సూదిలో దారం ఎలా ఎక్కించేదో భగవంతుడికి తెలియాలి.

ఇక పొట్టేలు సంగతి. మూడో హాల్లో, కాల్చిన మట్టితో చేసిన చిన్న పొట్టేలు బొమ్మ ఒకటుంది, అరచేతిలో పట్టేంత. ఎప్పుడో వందల ఏళ్ళ కిందట ఏ బిడ్డో తాడు కట్టి లాగిన బొమ్మ. చక్రాలు పోయాయి, ఇరుసు దూర్చిన చిల్లులు మాత్రం ఉన్నాయి. ఎడమ చెవి కొన విరిగింది. దాని పొట్టకింద, పచ్చిమట్టి మీద ఎవరో నొక్కిన బొటనవేలి గుర్తుంది. పెద్దవేలు కాదు, ఆడమనిషిదో పిల్లదో. చాపక్క ఆ గుర్తు పిల్లలకు చూపించాలని పట్టుబట్టి, కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మను బతిమాలి, పెట్టెలో బొమ్మ కింద ఉన్న కొయ్య పలక తీయించి గాజు పలక వేయించింది. అప్పటినుంచి పెద్దవాళ్ళకు పొట్టేలు వీపు కనిపించేది. పిల్లలకు కిందనుంచి దాని పొట్ట కనిపించేది. ఆ పెట్టె అద్దం మీద పడినన్ని ముక్కులు మ్యూజియం మొత్తం మీద పడలేదు.

అందుకే పన్నెండో ఏడు రెండు నెలల పని పెట్టుకుంది. మొదటి ఆదివారం ఇంటిల్లిపాదీ కలిసి మట్టితో పొట్టేలు చేయాలి. వాటిని ఊరి చివర కుమ్మరి బాబాయి తన ఆవంలో ఉచితంగా కాల్చిస్తాడు. మరుసటి నెల వచ్చి తీసుకెళ్ళాలి. కాలితే మట్టి కుంచించుకుపోతుంది గనక గోరంత పెద్దగా చేయమని బాబాయే చెప్పాడు. ఆ రెండు ఆదివారాలూ ఒక్కో గంటసేపు అసలు పొట్టేలును బయటికి తీసి, గుడ్డ పరిచిన పళ్ళెంలో పెట్టి చూపించేందుకు ఆఫీసరమ్మ అనుమతిచ్చింది. “మీ చేతిమీదుగానే తీయాలి, మీ చేతిమీదుగానే పెట్టాలి” అని షరతు.

ఆ మొదటి ఆదివారమే వచ్చారు ఆ ముగ్గురూ. తండ్రి ఇళ్ళకు టైల్స్ పరిచే మేస్త్రీ. తల్లి ఇంట్లోనే బట్టలు కుడుతుందట. ఏడేళ్ళ కూతుర్ని వాళ్ళు పిలిచిన పేరు పిడుగు. తల్లి మనిషి సన్నగా, పాలిపోయి ఉంది. చాపమీద కూర్చునేటప్పుడు భర్త ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. చాపక్క చూసి, తన చేతిసంచి మడిచి ఆమె నడుము వెనక పెట్టింది. 

అందరూ పొట్టేళ్ళకు చక్రాలు చేశారు. పిడుగు మాత్రం ససేమిరా అంది.

“దానికి లేవుగా! మనదానికీ వద్దు.”

“చక్రాల్లేకపోతే ఎలా నడుస్తుందే?” అన్నాడు తండ్రి.

“దానిలాగే నడుస్తుంది.”

“అది నడవట్లేదే!”

“ఆలోచిస్తోంది.”

తల్లి నవ్వింది. నవ్వితే దగ్గొచ్చింది. మేస్త్రీ చేతివాటమున్న మనిషి. కంటితోనే కొలత పట్టి అసలుదాని పోలిక దించేశాడు. చెవి కొన కూడా విరగ్గొట్టాల్సిందేనని పిడుగు గొడవ చేసి విరిపించింది. చివరికి బొమ్మను బోర్లా తిప్పి, “ఇక్కడ అమ్మ” అంది. తల్లి బొటనవేలు పెట్టి నొక్కింది. ఆమె వేలికి అడ్డంగా ఒక పాత గాటుంది, కత్తెర తెగిన మచ్చ. ఆ గీత కూడా మట్టిలో పడింది. “అక్కా, అచ్చు బాగా పడిందా?” అని ఆమె చాపక్కను అడిగింది. “దస్తావేజు మీద పడ్డట్టు పడింది తల్లీ” అంది చాపక్క.

మరుసటి నెల ఆదివారం వాన. పొద్దున్నుంచీ మబ్బు మూసుకుపోయి, పది దాటాక కరెంటు కూడా పోయింది. నలభై కుటుంబాలు, తడిసిన గొడుగులు, ఏడుపులు, నవ్వులు. బల్లమీద ఒక పక్క కాలి వచ్చిన పొట్టేళ్ళు పేర్ల చీటీలతో ఉన్నాయి. ఇంకో పక్క పళ్ళెంలో అసలుది. మేస్త్రీ ఒక్కడే వచ్చాడు, జుట్టునుంచి నీళ్ళు కారుతున్నాయి.

“అమ్మా, ఆస్పత్రి నుంచి వస్తున్నా. పిడుగు వాళ్ళమ్మ దగ్గరుంది. ఆవిడ ఒక్కసారి చూస్తానంటోంది. కాస్త తొందరగా ఇస్తారా?”

చాపక్క చేతిలో అప్పుడే ఎవరో చూసి ఇచ్చిన పొట్టేలుంది, దాన్ని ఏ పక్క పెడుతున్నదీ చూడకుండా బల్లమీద దించింది. ఆ మసకలో, ఆ తొందరలో, బల్లమీద చక్రాల్లేని పొట్టేలు కనబడగానే తీసి, పాత కాగితంలో చుట్టి, మీద తన చేతిగుడ్డ కట్టి ఇచ్చింది. “తడవనీయకు బాబూ. త్వరగా వెళ్ళు.” అతను పరిగెత్తాడు. సాయంత్రం మిగిలిన చక్రాల్లేని పొట్టేలును ఆమే జాగ్రత్తగా పెట్టెలో పెట్టింది, ఆఫీసరమ్మ తాళం వేసింది. నేను ఎన్నోసార్లు తలుచుకున్నాను, ఆ పొరపాటు నిర్లక్ష్యం వల్ల జరగలేదు. ఆ మనిషి తడిసి నిలబడితే చూడలేక జరిగింది.

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి ఆమె మూడో హాల్లో మోకాళ్ళ మీదే ఉంది. తడిబట్ట పక్కన నేలమీద పడి ఉంది. ముఖం పైకెత్తి గాజు పలక వైపు చూస్తోంది.

“తమ్ముడూ, కూర్చో ఇక్కడ. పైకి చూడు.”

కూర్చుని చూశాను. పొట్టేలు పొట్టకింద వేలిగుర్తు. దానికి అడ్డంగా, తెగినట్టు ఒక గీత.

 నిలబడి చూస్తే ఏ పండితుడికీ తేడా తెలియదు. కాల్చాక బాబాయి బూడిద రుద్దిన రంగు, విరిగిన చెవి, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ తేడా మోకాళ్ళ మీద కూర్చునేవాళ్ళకే తెలుస్తుంది.

“ఆఫీసరమ్మకి చెబుదాం అక్కా.”

ఆమె హాల్లో చుట్టి పెట్టిన చాపల వైపు చూసింది.

“చెబితే ఆదివారాలు ఆపేస్తారు. పన్నెండేళ్ళు, తమ్ముడూ. వచ్చే నెల వాళ్ళెలాగూ వస్తారు, ఆ పిల్ల రాకుండా ఉండదు. అప్పుడు మార్చేద్దాం. ఎవరికీ ఏ నష్టమూ లేదు.”

నేను సరేనన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చింది, దాని బరువులో నాకూ వాటా ఉంది.

ఆ నెలంతా ఆమె అద్దాలు తుడిచింది గానీ ముక్కుల లెక్క చెప్పలేదు. ఇంటికి వెళ్ళి ముద్ద ముట్టకుండా లేచేదట. మేస్త్రీ ఇల్లెక్కడో మాకు తెలియదు. ఆరోజు చీటీ మీద రాసుకున్నది ‘పిడుగువాళ్ళు’ అని మాత్రమే. వెతకబోతే ఎందుకని నలుగురూ అడుగుతారని ఆమెకు భయం. నెల తిరిగి, మళ్ళీ కుటుంబాల ఆదివారం వచ్చింది. గేటు మూసేదాకా ఆమె తలుపు దగ్గరే నిలబడింది. ప్రతి గొడుగు కింద ముఖం చూసింది. వాళ్ళు రాలేదు.

ఆ రాత్రి అత్తగారు మంచం మీదనుంచి అడిగిందట: “ఏమే, నెలరోజుల్నుంచి కడుపులో రాయి పెట్టుకుని కూర్చున్నావు. అది మీ మ్యూజియం రాయేనా, నువ్వు తెచ్చుకున్నదా?” చాపక్క అంతా చెప్పేసింది. ముసలావిడ తిడుతుందనుకుంది. తిట్టలేదు. “అద్దం తుడిచేదానివి, నీ మనసు మసకబారనిచ్చావేంటే పిచ్చిదానా? పొద్దున్నే వెళ్ళి చెప్పు. పోయేది పోతుంది” అని, చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి కోడలి తలమీద చెయ్యి వేసిందట.

పొద్దున ఆఫీసరమ్మ గదిలో చాపక్క నిలబడే చెప్పింది. నేనూ పక్కన నిలబడ్డాను. విన్నాక ఆవిడ ముఖంలో రక్తం లేదు.

“నెలరోజులా? తెలిసి నెలరోజులా?”

“అవునమ్మా.”

“నాకెందుకు చెప్పలేదు? నేనంత చెడ్డదాన్నా?”

 ఆవిడ లేచి, కూజాలోంచి గ్లాసు నీళ్ళు వంచి చాపక్క చేతికిచ్చింది. తర్వాత పై ఆఫీసుకు ఫోను చేసింది. గంటలో జవాబు వచ్చింది: పెట్టెలో ఉన్నది ఉన్నట్టు సీలు వేయాలి, ఎవరూ కదపకూడదు, అసలుదాన్ని వెంటనే వెనక్కి తేవాలి.

“అమ్మా, ఆ బొమ్మ ఆ పిల్లది. వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళనీయండి,” అని చాపక్క చేతులు జోడించింది.

“విచారణ అయ్యేదాకా నేనూ ముట్టుకోలేను. నిజంగా నా చేతుల్లో లేదు.” ఆవిడ సీలు మైనం కరిగించడం మొదలుపెట్టింది.

మేస్త్రీ ఇల్లు దొరకడం కష్టం కాలేదు. టైల్స్ అమ్మే మొదటి కొట్లోనే చెప్పారు. “కూతురి పేరు పిడుగా? ఆయనే. పాపం, వాళ్ళావిడ పోయింది కదండీ. పనిలోకి రావట్లేదు.”

చాపక్క కొట్టు గడప మీద కూర్చుండిపోయింది. కొట్టతను లోపలికి వెళ్ళి తన కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె దానిమీద కూర్చోలేదు.

వాళ్ళది సందు చివర ఒంటిగది ఇల్లు. నేలంతా ఎక్కడెక్కడి ఇళ్ళలోనో మిగిలిన టైల్స్ ముక్కలు, ఏ రెండూ ఒక రంగు కావు, కానీ సందు లేకుండా, చదునుగా అతికి ఉన్నాయి. గోడపక్కన గుడ్డ కప్పిన కుట్టుమిషను. దాని కింద, తొక్కుడుపలక మీద పిడుగు కూర్చుని ఉంది. మిషను మీద పొట్టేలు.

మేస్త్రీ మమ్మల్ని చూసి లేచాడు. “మీరొస్తారనుకోలేదమ్మా.”

చాపక్క నేలమీద కూర్చుంది. తలుపు దగ్గరే, చెప్పుల పక్కన. దాచకుండా చెప్పింది, నెలరోజుల మాట కూడా. అతను విని మిషను మీది పొట్టేలు వైపు చూశాడు.

“అయితే నిజమేనన్నమాట,” అన్నాడు చివరికి. “ఆస్పత్రిలో చేతిలో పెట్టాను. కళ్ళు తెరిచే ఓపిక లేదు. పొట్టకింద వేలు పెట్టి తడిమింది. ‘ఇది నా వేలు కాదు’ అంది. జ్వరంలో ఏదో అంటోందనుకున్నా. ‘నీదేలే, పడుకో’ అన్నా. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పా.”

“ఆ తర్వాత... ఎన్నాళ్ళుంది బాబూ?”

“పదకొండు రోజులు.”

ఆ పదకొండులో పది రోజులు చాపక్కకు తెలిసే గడిచాయి. నాకూ తెలిసే గడిచాయి. ఆమె లెక్కపెట్టుకోవడం నేను చూశాను. నేలమీద ఒక్కో టైల్ మీద ఒక్కో వేలు పెడుతూ వెళ్ళి, పదో టైల్ దగ్గర ఆగిపోయింది.

పిడుగు మిషను కిందనుంచి ఇవతలికొచ్చింది.

“మాది తెచ్చారా?”

“లేదు తల్లీ.”

“ఎప్పుడు తెస్తారు?”

“అడుగుతున్నానమ్మా. ఇప్పుడది నా చేతిలో లేదు.”

“మీరే కదా ఇచ్చేది?”

 పిడుగు మిషను మీది పొట్టేలును తీసి, బోర్లా తిప్పి, ఆ పాత వేలిగుర్తును ఒకసారి చూసి, చాపక్క ఒళ్ళో పెట్టింది.

“ఇదెవరిదో వాళ్ళకిచ్చేయండి. వాళ్ళు వెతుక్కుంటుంటారు.”

మేస్త్రీ కోప్పడలేదు. బయటిదాకా వచ్చి, చినుకులు పడుతున్నాయని తన గొడుగు మాకిచ్చాడు. పొట్టేలు తడుస్తుందన్నాడు. ఆ గొడుగు కింద నడిచినంతసేపూ నేను తలెత్తలేకపోయాను.

విచారణకు పై ఆఫీసు నుంచి ముగ్గురొచ్చారు. అసలు పొట్టేలుకు ఏమీ కాలేదని తేల్చారు. దాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టారు గానీ గాజు పలక తీయించి కొయ్య పలక వేయించారు. నకలు బొమ్మ విచారణకు సాక్ష్యం గనక ఫైలు మూసేదాకా స్టోరులో ఉండాలన్నారు. దానికో నంబరు వేసి, అట్టపెట్టెలో పెట్టి సీలు వేశారు. కుటుంబాల ఆదివారాలు తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు నిలిపివేశారు. చాపక్కను హాళ్ళనుంచి తీసి, గేటు దగ్గర సంచులు దాచే గదిలో వేశారు.

కొన్నాళ్ళపాటు ఆదివారాల్లో కుటుంబాలు వస్తూనే ఉండేవి. పిల్లలు హాల్లోకి తొంగిచూసి, “చాపలేవి?” అనేవారు. నేను టికెట్ల కిటికీలోంచి, “ఈ నెల లేదమ్మా” అనేవాణ్ణి. కొన్ని నెలలకి ఆ మాట అనే అవసరం కూడా తప్పింది.

చాపక్క మాత్రం ప్రతి నెలా మొదటి సోమవారం ఒక అర్జీ రాయించేది. ఆ బొమ్మ ఫలానా పిల్లది, ఇప్పించండి అని. దాన్ని రాసిపెట్టింది ఎవరనుకున్నారు? ఆఫీసరమ్మే. తన చేతిరాతతో, ఒక్క నెల తప్పకుండా. ఫైలు మాత్రం కదల్లేదు. పిడుగును చూడ్డానికి చాపక్క రెండుసార్లు వెళ్ళింది. మూడోసారి వెళ్ళలేదు. “వెళ్ళగానే ఆ పిల్ల ముందుగా నా చేతులకేసి చూస్తుంది తమ్ముడూ,” అంది.

ఆ తర్వాతి ఏడు అత్తగారు కూడా వెళ్ళిపోయింది. మంచం కింద చూస్తే గుడ్డపట్టీలు కుట్టిన చాప ఒకటి చుట్టి ఉంది. కుట్టు సగంలో ఆగింది, సూది అందులోనే ఉంది. చాపక్క ఆ సూదిని తీయలేదు.

ఆమె రిటైరయ్యే రోజు నేను మామూలుకన్నా ముందే వచ్చాను. సంచుల గది ఖాళీగా ఉంది. మూడో హాల్లోకి వెళ్ళాను. అక్కడ, ఆ పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చేతిలో తడిబట్ట ఉంది. అద్దం కిందసగం ఎక్కడా మరక లేకుండా మెరుస్తోంది.

“తుడిచేశావా అక్కా?”

“తుడవడానికి ఏముంది తమ్ముడూ. ఒక్క ముక్కు లేదు. కొయ్యపలక కనబడితే ఎవరాగుతారు?”

లేవబోయింది, లేవలేకపోయింది. చంక కింద చెయ్యి వేసి లేపాను. బరువు లేదు. నా చెయ్యి వదలకుండా, స్టోరు గది వైపు చూస్తూ అంది:

“నీకింకా ఆరేళ్ళ ఉద్యోగం ఉంది కదూ?”

“ఉందక్కా.”

“నాకో సాయం చెయ్యి. ఇన్నేళ్ళలో నిన్నేమీ అడగలేదు. ఎప్పటికైనా ఆ ఫైలు మూస్తారు. ఆ రోజు అది పోస్టులో పంపించనీయకు. బంట్రోతు చేతికీ ఇవ్వనీయకు. నువ్వే తీసుకెళ్ళు. అప్పటికి ఆ పిల్ల ఎంత పెద్దదైనా సరే, ఎక్కడున్నా సరే, వెతుకు. కాగితంలో చుట్టకు, నేను చుట్టాను. అరచేతిలో పెట్టుకుని, ముందు బోర్లా తిప్పి ఆ వేలు చూపించు. వాళ్ళమ్మదేనని ఆ పిల్ల తన నోటితో అన్నాకే, ఇవ్వు.”